నాలుగు ఫుడ్ కౌన్సిళ్లు కలవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గట్టుమీదకాకి

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

మూడేళ్లుగా మేమొక ఫుడ్ కౌన్సిల్ నడుపుతున్నాం, అంటే మా ప్రాంతంలో తిండి ఎక్కణ్ణుంచి రావాలి, ఎవరికి అందాలి అని అన్ని వైపులవాళ్లూ కూర్చుని మాట్లాడుకునే బృందం. ఇద్దరు రైతులు, ఆసుపత్రి క్యాంటీన్ చూసే ఆవిడ, బడి భోజనాల తరఫున ఒకరు, లేనివాళ్లకి సరుకులు పంచే సంస్థవాళ్లు, పురపాలక ఆఫీసు నుంచి ఒక ఉద్యోగి, మిగతా అంతా నాలాంటి వాలంటీర్లు. నెలకోసారి కూర్చుంటాం, మాట్లాడుకుంటాం, మినిట్స్ రాస్తాం. పక్కనే ఇలాంటివి ఇంకో మూడున్నాయి. ఈ మధ్య నాలుగు కౌన్సిళ్ల వాళ్లం మొదటిసారి ఒకచోట కూర్చుంటే బయటపడిన సంగతేంటంటే, రెండేళ్లలో మేం ఎవరికి వాళ్లం ఒకే రైతుల దగ్గరికి వెళ్లి దాదాపు అవే ప్రశ్నలతో సర్వే చేసొచ్చాం. ఒకాయనైతే మూడోసారి వెళ్లినవాళ్లతో "ముందు మీలో మీరు మాట్లాడుకుని రండి, తర్వాత నాతో మాట్లాడుదురు గాని" అన్నాడట. సిగ్గేసింది.

ఇప్పుడు ఒక ప్రతిపాదన వచ్చింది. నలుగురం కలిసి ఒక సమాఖ్యగా రిజిస్టర్ అవుదాం, ఒక ఆఫీసు, ఒక జీతగాడు, ఒక బ్యాంకు ఖాతా పెట్టుకుందాం అని. నాకు మనసొప్పట్లేదు, కానీ ఎందుకు ఒప్పట్లేదో చెప్పలేకపోతున్నా. ఇలాంటిది చేసినవాళ్లు, చూసినవాళ్లు ఉంటే చెప్పండి.

సందేహాలరాయుడు

నాలుగు కమిటీలకి తోడు ఐదో కమిటీ. దానికో లోగో, ఆ లోగో రంగు తేల్చడానికి మూడు మీటింగులు. కాకి గారూ, నవ్వులాటకి అనట్లేదు, ఇంతకుముందు వేరే రంగంలో ఇలాంటి సమాఖ్యలో రెండేళ్లు పనిచేశా, కలిసి ఏం చేయాలో తేలకముందే కలిశాం కాబట్టి చివరికి మేం కలిసి చేసిన పని వార్షిక నివేదిక ఒక్కటే.

అసలు ప్రశ్న, మీ నాలుగు కౌన్సిళ్లలో ఏ ఒక్కటీ ఒంటరిగా చేయలేని పని ఏంటి? అది ఒక్క వాక్యంలో చెప్పగలిగితే మాట్లాడుకుందాం.

నిదానం

రాయుడు గారి ప్రశ్న సరైందే. కాకపోతే కొంచెం చరిత్ర చెప్పుకుంటే "కలవడం" అనే గొడవ కొత్తది కాదని తెలుస్తుంది.

ఫుడ్ పాలసీ కౌన్సిల్ అని మొదటగా చెప్పుకునేది అమెరికాలో టెనెస్సీ రాష్ట్రంలోని నాక్స్‌విల్‌ది, 1982. అంతకుముందు 1977లో అక్కడి యూనివర్సిటీ ప్లానింగ్ విద్యార్థులు ఊళ్లోకి ఆహారం ఎలా వస్తోంది, పేదలు ఉండే చోట్లకి ఎందుకు అందట్లేదు అని చూశారు. రోడ్లకీ నీళ్లకీ ఇళ్లకీ నగరంలో ఒక్కో శాఖ ఉంది, తిండికి మాత్రం ఏ శాఖా లేదు. కౌన్సిల్ ఆలోచన అక్కణ్ణుంచి పుట్టింది. నగరం కోసం మొదలైంది గానీ తర్వాత చుట్టూ ఉన్న కౌంటీని (మన జిల్లా లాంటిది) కూడా కలుపుకోవాల్సి వచ్చింది. రావాల్సిందే మరి. తినేవాళ్లు నగరం గీత లోపల, పండించేవాళ్లు గీత అవతల. నీటిని పంచుకునే ఊళ్లు ఒకే చెరువు గురించి విడివిడిగా తీర్మానాలు చేస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

కాబట్టి కలవాలా వద్దా అన్నది ప్రశ్నే కాదని నా అభిప్రాయం. ఏ గట్టు దాకా, ఏ పనికి అన్నదే ప్రశ్న.

మట్టిచేతులు

నేను పండించేవాణ్ణి. ఇలాంటి ఒక కౌన్సిల్‌లో ఏడాదిన్నర ఉండి బయటికొచ్చేశా. ఎందుకొచ్చేశానో చెప్తా, మీకు పనికొస్తుంది.

మీటింగు పనిరోజు పొద్దున పదకొండుకి. అందరూ జీతం మీద వచ్చేవాళ్లే, నేనొక్కణ్ణే పని మానుకుని, బండి ఖర్చు పెట్టుకుని వచ్చేవాణ్ణి. మొదటి మీటింగులో "రైతు గొంతు మాకు చాలా ముఖ్యం" అన్నారు. ఆరో మీటింగుకొచ్చేసరికి నా గొంతు ఎజెండాలో చివరి ఐటెమ్, దానికి ముందే టైమైపోయేది.

రెండోది. "న్యాయమైన ఆహార వ్యవస్థ" అని గోడ మీద రాశారు బానే ఉంది. న్యాయం అంటే నాకు మూడే మూడు విషయాలు. తూకం దగ్గర తరుగు ఎంత తీస్తారు, డబ్బు ఎన్ని రోజులకి ఇస్తారు, సరుకు మిగిలిపోతే నష్టం ఎవరిది. ఏడాదిన్నరలో ఈ మూడింటి మీద ఒక్కసారీ చర్చ జరగలేదు. లోగో మీద జరిగింది, రాయుడన్న చెప్పినట్టే.

సందేహాలరాయుడు

చెప్పానా 😄 లోగో ఎక్కడైనా ఒకటే.

కొత్తసభ్యురాలు

నాకు ఈ విషయం కొత్త, తెలివితక్కువ ప్రశ్న అయితే ఏమీ అనుకోకండి. ఫుడ్ కౌన్సిల్‌కి అసలు ఏమైనా అధికారం ఉంటుందా అండీ? అంటే అది చెప్తే ఎవరైనా వినాలా, లేక కేవలం సలహాలేనా?

నిదానం

తెలివితక్కువ ప్రశ్న కాదమ్మా, ఇదే అసలు ప్రశ్న. చాలావాటికి సలహా ఇచ్చే హక్కు తప్ప ఏమీ ఉండదు. టొరంటోలో 1991లో పెట్టిన కౌన్సిల్‌ని నగర ప్రజారోగ్య బోర్డు కింద ఉంచారు, సిబ్బందిని ఇచ్చారు, దాంతో నగర నిర్ణయాలు జరిగే గదిలోకి ఒక తలుపు దొరికింది. కొన్ని పూర్తిగా స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వంతో సంబంధమే లేదు. జర్మనీలో 2016లో కొలోన్, బెర్లిన్‌లలో మొదలైనవాటి వెనక ఉన్నది ఎక్కువగా పౌర సమూహాలే.

రెండింటికీ లాభనష్టాలున్నాయి. ప్రభుత్వం లోపల ఉంటే తలుపు దగ్గర, కానీ తలుపు మూసేసే అధికారం కూడా వాళ్లదే. బ్రెజిల్ చూడండి. అక్కడ జాతీయ స్థాయిలో కోన్సెయా అనే ఆహార భద్రతా మండలి ఉండేది, మూడింట రెండొంతులు పౌర సమాజం, ఒక వంతు ప్రభుత్వం, అధ్యక్షత కూడా పౌర సమాజానిదే. 1993లో పెట్టారు, రెండేళ్లకే తీసేశారు, 2003లో మళ్లీ పెట్టారు. ఆ రెండో విడతలో చాలా గట్టి పని చేసింది, 2010లో ఆహార హక్కు రాజ్యాంగంలోకి ఎక్కడంలో దాని పాత్ర ఉంది. 2019 జనవరి 1న కొత్త ప్రభుత్వం వచ్చిన మొదటి రోజే ఒక్క ఉత్తర్వుతో దాని ఊపిరి తీసేసింది. 2023లో మళ్లీ నిలబెట్టారు.

అందుకే నాకు జాతీయ స్థాయి కంటే, స్థానికంగా చాలా కౌన్సిళ్లు ఉండి వాటి మధ్య గట్టి అల్లిక ఉండటం మీద నమ్మకం ఎక్కువ. ఒకటి మూసినా మిగతావి ఉంటాయి.

లెక్కలపుస్తకం

ప్రభుత్వ కొనుగోళ్ల విభాగంలో చాలా కాలం పనిచేసి రిటైరైనవాణ్ణి. మట్టిచేతులు తమ్ముడు చెప్పిన మూడు విషయాలకీ జవాబు ఒకే కాగితంలో ఉంటుంది, అది టెండరు. ఫుడ్ కౌన్సిళ్లు చార్టర్లు రాయడానికి పెట్టే శ్రమలో పదో వంతు టెండరు షరతులు చదవడానికి పెడితే చాలని నేను ఎప్పుడూ అంటుంటా, ఎవరూ వినరు, ఎందుకంటే అది చదవడం చాలా బోరు.

సంగతేంటంటే, బడులు, ఆసుపత్రులు, హాస్టళ్లు, జైళ్లు కలిపితే ఏ ప్రాంతంలోనైనా చాలా పెద్ద కొనుగోలుదారు. కానీ టెండరు "అన్ని సరుకులూ, ఏడాది పొడవునా, అన్ని చోట్లకీ, తక్కువ ధరకి" అని ఒకే ముద్దగా పిలుస్తారు. అంత ముద్దని మోయగలిగేది ఒక పెద్ద కాంట్రాక్టరే. చిన్న రైతు అనర్హుడని ఎక్కడా రాసి ఉండదు. ముద్ద సైజే అతన్ని బయట పెట్టేస్తుంది.

బ్రెజిల్‌లో 2009 చట్టం చేసిన మేలు ఇక్కడే. బడి భోజనాలకి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతం కుటుంబ సేద్యం చేసేవాళ్ల దగ్గరే కొనాలన్నారు. అది అందరికీ తెలుసు. తెలియని ముక్క ఏంటంటే, అలా కొనే వాటాకి తక్కువ ధర పోటీ అవసరం లేదు. ముందే మార్కెట్ ధరలు వాకబు చేసి కొనే ధర ప్రకటించేస్తారు, ఆ ధరకి ఎవరిస్తారో రండి అని పిలుస్తారు. ఎంపికలో ముందు అదే మునిసిపాలిటీ వాళ్లు, చాలకపోతే చుట్టుపక్కల ప్రాంతం, తర్వాత రాష్ట్రం. "ప్రాంతీయ" అనే మాటకి అక్కడ కాగితం మీద అర్థం ఉంది.

ఐరోపా యూనియన్‌లో ఇలా కుదరదు. "మా ప్రాంతం సరుకే కావాలి" అని టెండర్లో రాస్తే అది వివక్ష కింద లెక్క. కానీ 2014 కొనుగోళ్ల ఆదేశం ప్రకారం టెండరుని చిన్న చిన్న లాట్లుగా, అంటే విడి భాగాలుగా విడగొట్టచ్చు. తాజాదనం, రుతువు ప్రకారం సరఫరా, రకాల వైవిధ్యం ఇలాంటివి షరతులుగా పెట్టచ్చు. దగ్గర్లో ఉన్నవాడికి సహజంగా అనుకూలిస్తుంది, గీత దాటినట్టూ ఉండదు. అమెరికాలో బడి భోజనాల విషయంలో ఇంకా ముందుకెళ్లారు, 2024 జూలై నుంచి "స్థానికంగా పండింది" అన్నదాన్ని నేరుగా టెండరు నిర్దేశంగానే రాసుకోనిస్తున్నారు.

రూల్ ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. కాకి గారూ, మీ నాలుగు కౌన్సిళ్లు కలిసి చేయాల్సిన మొదటి పని మీ నాలుగు చోట్ల టెండరు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చదవడం. ఆఫీసు అద్దెకి తీసుకోనక్కర్లేదు, ఒక బల్ల చాలు.

గట్టుమీదకాకి

మాస్టారూ, ఇది మాకు తట్టనే లేదు. నాలుగు చోట్లా కలిపి ఎంత కొంటున్నారో కూడా మా దగ్గర లెక్క లేదు.

వంటింటిగుమాస్తా

పెద్ద వంటశాల నుంచి నా ముక్క కూడా వినండి. అందరూ రైతు వైపు మాట్లాడతారు, కాంట్రాక్టరుని తిడతారు. నేను కాంట్రాక్టరునే ఇష్టపడతా, నిజం చెప్తున్నా. ఎందుకంటే పొద్దున ఐదున్నరకి సరుకు దింపుతాడు, తక్కువ పడితే ఒక ఫోన్‌తో ఇంకో బండి వస్తుంది, ఒకే బిల్లు. నా దగ్గర తొక్క తీసే మనిషి లేడు, కోసే మెషిన్ పాడైంది. పదకొండు మంది రైతులు పదకొండు టైముల్లో పదకొండు సైజుల్లో తెస్తే నా మధ్యాహ్నం భోజనం సాయంత్రానికి అవుతుంది.

న్యాయం నాకూ కావాలి. కానీ నా వంటవాళ్ల న్యాయం కూడా లెక్కలోకి రావాలి కదా.

మట్టిచేతులు

అక్కా ఒప్పుకుంటా. ఒకసారి మేం అయిదుగురం కలిసి ఒక వంటశాలకి ఇవ్వబోయి సరిగ్గా అలాగే చెడగొట్టుకున్నాం. సోమవారం రావాల్సింది బుధవారం వచ్చింది, ఒకరిది మట్టితో వచ్చింది, ఒకరిది కడిగి వచ్చింది. తప్పు మాదే.

మూడోబండి

అమ్మయ్య, చివరికి సరుకు కదలడం గురించి ఎవరో మాట్లాడారు. నాది రవాణా.

రైతుకీ వంటశాలకీ మధ్య ఏమీ లేకపోవడం న్యాయం అనుకుంటారు చాలామంది. "దళారి లేకుండా నేరుగా" అని. మధ్యలో ఎవరూ లేకపోతే మధ్యలో చేయాల్సిన పని మాయం కాదు సార్. ఏరడం, కడగడం, తూకం, పెట్టెల్లో సర్దడం, చల్లగా ఉంచడం, బండి ఎక్కించడం, బిల్లు వసూలు చేయడం. ఇవన్నీ ఎవరో ఒకరు చేయాలి. రైతే చేస్తే అతని రాత్రి నిద్ర పోతుంది, వంటశాల చేస్తే ఆ అక్క చెప్పిన గోల. మధ్యవాడు ఉండచ్చు, తన లెక్క రైతుకీ కొనేవాళ్లకీ కనబడేలా ఉంచే మధ్యవాడైతే. ఫుడ్ హబ్ అని అంటున్నది దాన్నే.

ఇక నాలుగు ఊళ్లు ఎందుకు కలవాలో రాయుడు గారు ఒక్క వాక్యంలో చెప్పమన్నారు కదా, నేను చెప్తా. బండి సగం ఖాళీగా తిరిగితే లాభం ఉండదు, ఒక్క ఊరి ఆర్డరుతో బండి నిండదు. అంతే. నాలుగు ఊళ్ల ఆర్డర్లు ఒకే దారిలో, ఒకే రోజున పెట్టగలిగితే బండి నిండుతుంది, తిరుగు ప్రయాణంలో ఖాళీ పెట్టెలు వెనక్కి తెస్తుంది. పెట్టెల సైజు అందరికీ ఒకటే ఉండాలి. వినడానికి చిన్న విషయమే కానీ, పెట్టెలు ఒకదాని మీద ఒకటి కూర్చోకపోతే మొత్తం పథకం అక్కడే కూలుతుంది.

ఒక హెచ్చరిక కూడా. నేను చూసిన ఒక చోట మూడు సంఘాలు కలిసి ఒక కోల్డ్ స్టోరేజీ కట్టాయి. గ్రాంటుతో కట్టడం తేలిక. కరెంటు బిల్లు ఎవరు కట్టాలో మాత్రం ఎవరూ రాసుకోలేదు. రెండు వేసవులు నడిచింది. ఇప్పుడు అందులో పాత కుర్చీలున్నాయి.

సందేహాలరాయుడు

బండి గారూ, ఆ ఒక్క వాక్యానికి నేను లొంగిపోయా. కానీ ఇంకో సందేహం.

స్థానికం అయితే న్యాయం అయిపోతుందా? పక్క పొలంలో కూలీకి సరిగ్గా ఇవ్వకుండా పండించిన సరుకు కూడా స్థానికమే. దూరం తగ్గితే దోపిడీ తగ్గుతుందని ఎవరు చెప్పారు? ఈ చర్చలో ఇప్పటిదాకా రైతు, వంటశాల, లారీ అందరూ వచ్చారు, పొలంలో కూలీ రాలేదు, గోదాములో మూటలు మోసేవాడు రాలేదు, కొనుక్కోలేక క్యూలో నిలబడే మనిషీ రాలేదు. మీ కౌన్సిళ్లలో వాళ్లున్నారా కాకి గారూ?

గట్టుమీదకాకి

లేరు. సరుకులు పంచే సంస్థవాళ్లు ఉన్నారు కానీ తీసుకునేవాళ్లు లేరు. కూలీలు అసలే లేరు.

నిదానం

ఈ విషయంలో లాస్ ఏంజెలెస్ అనుభవం పనికొస్తుంది. అక్కడి ఫుడ్ పాలసీ కౌన్సిల్ 2012లో గుడ్ ఫుడ్ పర్చేజింగ్ అని ఒక కొనుగోలు ప్రమాణం తెచ్చింది, నగరమూ, అక్కడి ప్రభుత్వ బడులు నడిపే పెద్ద సంస్థ కూడా తీసుకున్నాయి. అందులో అయిదు విలువలు పెట్టారు: స్థానిక ఆర్థికం, పర్యావరణం, పనివాళ్ల గౌరవం, జంతువుల సంక్షేమం, పోషణ. ఇక్కడ గమనించాల్సింది, ఒక్క స్థానికతలో మార్కులు కొట్టేసి మిగతావి వదిలేయడానికి లేదు, ప్రతి విలువలోనూ కనీస స్థాయి దాటాలి. సరఫరాదారు కూలీల చట్టాలు పాటిస్తున్నాడా అన్నది అలా కొనుగోలు లెక్కలోకి వచ్చింది. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో బడులు, షికాగో లాంటివి కూడా అదే తీసుకున్నాయి. ఒక్కో నగరం తన ప్రమాణం తాను రాసుకుని ఉంటే సరఫరాదారులు ఒక్కోచోట ఒక్కో ఫారం నింపలేక వదిలేసేవాళ్లు.

నాకైతే కౌన్సిళ్లు కలవడంలో అతి పెద్ద లాభం ఇదే అనిపిస్తుంది. ఆఫీసు లేకపోయినా పర్లేదు, ప్రమాణం ఒకటే ఉంటే చాలు.

చిన్నకౌన్సిల్‌గొంతు

నేను కాకి గారు చెప్పిన లాంటి నాలుగింటిలో చిన్నదాని లాంటి చోట ఉన్నా (అదే కాదు, వేరేది). కలవడం గురించి పెద్ద కౌన్సిల్ వాళ్లు చాలా ఉత్సాహంగా మాట్లాడతారు. మాకేం జరిగిందో చెప్తా.

మేం ముగ్గురం కలిశాం. గ్రాంటు దరఖాస్తు పెద్ద కౌన్సిల్ పేరు మీద వేశారు, ఎందుకంటే ఆడిట్ అయిన ఖాతా వాళ్లకే ఉంది. వచ్చిన డబ్బుతో జీతం ఇచ్చే ఉద్యోగం వాళ్ల ఆఫీసులో, మీటింగులు వాళ్ల దగ్గర, నివేదికలో ఫొటోలు వాళ్లవి. మా దగ్గర పంటలు, వాళ్ల దగ్గర పదవులు. ఓటు విషయానికొస్తే జనాభా ప్రకారం అన్నారు. జనాభా ప్రకారం అయితే తినేవాళ్లు ఎప్పుడూ పండించేవాళ్లని ఓడిస్తారు, ఇది లెక్కే. కౌన్సిల్‌కి ఒక ఓటు అని అడిగితే "అది ప్రజాస్వామ్యం కాదు" అన్నారు. ఇందులో దుర్మార్గం కూడా లేదు, వాళ్లు మంచివాళ్లే, అదే బాధ.

కాబట్టి కాకి గారూ, డబ్బు ఎవరి ఖాతాలోకి వస్తుంది, జీతం మనిషి ఎక్కడ కూర్చుంటాడు అన్నవి ముందే కాగితం మీద పెట్టండి. స్నేహం మీద నమ్మకంతో వదిలేస్తే తర్వాత అడగడానికి నోరు రాదు.

లెక్కలపుస్తకం

నూటికి నూరు. దీనికి ఒక సర్దుబాటు ఉంది, ఖర్చు విషయాలకి కౌన్సిల్‌కి ఒక ఓటు, సరఫరా షరతులకి పండించేవాళ్ల ప్రతినిధుల్లో సగంమందైనా ఒప్పుకోవాలి అని. మేం ఒక చోట పెట్టి చూశాం, మీటింగులు లాగాయి గానీ విడిపోలేదు.

కొత్తసభ్యురాలు

ఒక రాష్ట్రం కంటే పెద్ద స్థాయిలో ఎక్కడైనా కలిసి పనిచేశారా అండీ? లేక పక్కపక్క ఊళ్లకే ఇది సరిపోతుందా?

నిదానం

చేశారు. అమెరికా ఈశాన్యంలో న్యూ ఇంగ్లండ్ అని ఆరు చిన్న రాష్ట్రాలున్నాయి. ఫుడ్ సొల్యూషన్స్ న్యూ ఇంగ్లండ్ అనే నెట్‌వర్క్ 2014లో ఒక దార్శనిక పత్రం బయటపెట్టింది, ఆ ప్రాంతం తినే ఆహారంలో 2060 నాటికి సగమైనా అక్కడే పండాలి అని. ఆరు రాష్ట్రాలకీ కలిపి ప్రభుత్వం అంటూ లేదు కాబట్టి దాన్ని అమలు చేయమని ఆదేశించేవాళ్లెవరూ లేరు. ఒక యూనివర్సిటీ సంస్థ మధ్యలో కూర్చుని మనుషుల్ని కలుపుతూ వచ్చింది, పని మాత్రం ఏ రాష్ట్రంలో వాళ్లు ఆ రాష్ట్రంలో చేస్తారు. జాతి వివక్ష సంగతి కూడా అందులో మధ్యలోనే పెట్టుకున్నారు.

నగరాల స్థాయిలో అయితే ఆహార విధానం మీద మిలాన్ ఒప్పందం ఉంది. 2015 అక్టోబరులో 100కి పైగా నగరాలు సంతకం పెట్టాయి, 37 సిఫారసు చర్యలున్నాయి. సంతకం పెట్టడానికి ఏమీ ఖర్చవదు కాబట్టి దాన్ని మరీ పెద్దగా చూడను, కానీ ఒక కౌన్సిల్ తమ మేయర్ దగ్గరికి వెళ్లి "మీరే కదా సంతకం పెట్టారు" అనడానికి పనికొస్తుంది. అది చిన్న ఆయుధం కాదు.

వంటింటిగుమాస్తా

ఇంకో మాట. డబ్బు ఎక్కువ పెడితే తప్ప మంచి సరుకు కొనలేం అంటారు. కోపెన్‌హేగన్‌లో 2007లో హౌస్ ఆఫ్ ఫుడ్ అనే సంస్థ పెట్టి నగరం వంటశాలల్లో సేంద్రియ సరుకు 90 శాతం దాకా తీసుకెళ్లే పని మొదలెట్టారు, దాదాపు అక్కడికి చేరారు కూడా. సరుకు బడ్జెట్ పెంచి కాదు. వంటవాళ్లకి మళ్లీ శిక్షణ ఇచ్చారు, మాంసం తగ్గించారు, పారేసేది తగ్గించారు, రుతువుకి తగ్గట్టు మెనూ మార్చారు. అంటే డబ్బు వెళ్లింది వంటవాళ్ల చేతి పనిలోకి. ఇది చదివాక నా ఆఫీసరుకి చూపించా. "మనకి కుదరదు" అన్నాడు. ఎందుకు కుదరదని అడిగితే మెనూ ఇంకో ఆఫీసులో తయారవుతుంది, మనం మార్చలేం అన్నాడు.

కౌన్సిళ్లు కలిసి చేయాల్సిన పని ఇలాంటిది. నేనొక్కదాన్నే ఆ ఇంకో ఆఫీసుకి వెళ్తే వినరు, నాలుగు ఊళ్ల వంటశాలలూ ఒకే ఉత్తరం మీద సంతకం పెడితే వింటారేమో.

మట్టిచేతులు

ఇదంతా బాగుంది. నాది ఒక్కటే భయం. 2025 మార్చిలో అమెరికాలో ఏం జరిగిందో ఎవరైనా ఫాలో అయ్యారా? బడులూ, లేనివాళ్లకి సరుకులు పంచే ఫుడ్ బ్యాంకులూ స్థానిక రైతుల దగ్గర కొనడానికి కేంద్రం ఇస్తామన్న డబ్బు, రెండు పథకాలు కలిపి దాదాపు వంద కోట్ల డాలర్లు, ఒక్క ఉత్తరంతో రద్దు చేశారు. ఆ డబ్బు వస్తుందని నమ్మి పంట ప్రణాళిక వేసుకున్నవాళ్లు, చల్లని గోదాములకి అప్పు చేసినవాళ్లు మధ్యలో చిక్కుకుపోయారు. పథకం పెట్టినవాళ్లకి ఏమీ కాలేదు, మాట్లాడిన కౌన్సిళ్లకీ ఏమీ కాలేదు.

విత్తనం వేసేది ఇప్పుడు, కొనేది నాలుగు నెలల తర్వాత. ఆ నాలుగు నెలల భయం అంతా నా నెత్తిన ఉన్నంత కాలం దాన్ని న్యాయమైన వ్యవస్థ అనకండి. విత్తే ముందే కాగితం ఇవ్వండి, ఇంత తీసుకుంటాం, ఇంతకి తగ్గకుండా ఇస్తాం, పథకం ఆగితే ఇంత భాగం మేం భరిస్తాం అని.

మూడోబండి

నాలుగు కౌన్సిళ్లు కలిసి ఒక చిన్న హామీ నిధి పెట్టుకుంటే? ఒక్క పంట కాలానికి, ఒకటి రెండు రకాలకే. మొత్తం వ్యవస్థ మార్చడానికి కాదు, ఒక్కసారి నష్టం పంచుకుని చూడటానికి.

సందేహాలరాయుడు

నేను ఇన్నాళ్లూ వెతుకుతున్నది ఇదే. నష్టం వచ్చినప్పుడు పంచుకుంటారా అని అడిగితే చాలు, ఎవరు నిజంగా కలుస్తున్నారో అక్కడే తేలిపోతుంది. కాకి గారూ, మీ నాలుగు కౌన్సిళ్లనీ ఈ ప్రశ్న అడిగి చూడండి, ఎంతమంది బల్ల దగ్గర మిగులుతారో చెప్పండి.

గట్టుమీదకాకి

(ఆరు వారాల తర్వాత)

ఆలస్యానికి క్షమించండి, కానీ ఖాళీగా కూర్చోలేదు.

రాయుడు గారి ప్రశ్న అడిగాం. నలుగురిలో ముగ్గురు మిగిలారు. నాలుగోవాళ్లు "మా బోర్డుని అడగాలి" అని వెళ్లారు, సర్వే ఫారం వరకు మాత్రం కలిసే ఉంటామన్నారు, అదీ మంచిదే. సమాఖ్య ప్రతిపాదన పక్కన పెట్టాం. ఎవరూ పెద్దగా బాధపడలేదు, అంటే నా ఒక్కడికే కాదు ఎవరికీ మనసొప్పలేదన్నమాట.

లెక్కల మాస్టారు చెప్పినట్టు టెండరు కాగితాలు బల్ల మీద పరిచాం. నాలుగు చోట్లా కాలపరిమితి వేర్వేరు నెలల్లో ముగుస్తోంది, అందుకే ఇన్నాళ్లూ కలిపి కొనడం ఎవరికీ కుదరలేదు. రెండు చోట్ల అధికారులు తర్వాతి టెండర్లో రెండు రకాల సరుకుని విడి లాటుగా తీయడానికి ఒప్పుకున్నారు. మూడో చోట చూద్దాం అన్నారు. వంటశాలల ఉత్తరం మీద ఏడు సంతకాలు వచ్చాయి, జవాబు ఇంకా రాలేదు.

మీటింగు సాయంత్రానికి మార్చాం, వచ్చే రైతులకీ కూలీలకీ ఆ రోజు భత్యం ఇవ్వాలని తీర్మానం. కూలీల తరఫున ఇద్దరు కావాలనుకున్నాం, ఒకరు వచ్చారు, ఒక మీటింగు అంతా ఏమీ మాట్లాడలేదు, రెండోసారి "పెట్టె బరువు తగ్గించండి, నడుం పోతోంది" అన్నారు. మూడోబండి గారి పెట్టెల సైజు చర్చ ఆ ఒక్క మాటతో పూర్తిగా తిరిగిపోయింది, మళ్లీ మొదట్నుంచి చేస్తున్నాం.

హామీ నిధి చిన్నదే. ఒక్క పంట కాలం. కరెంటు బిల్లు ఎవరు కడతారో రాసుకున్నాం 🙂

చిన్నకౌన్సిల్‌గొంతు

ఖాతా ఎవరి పేరు మీద?

గట్టుమీదకాకి

మీరు అడుగుతారని తెలుసు. నలుగురిలో చిన్న కౌన్సిల్ పేరు మీద. ఆడిట్ ఖర్చు మిగతావాళ్లు పంచుకుంటారు.

మట్టిచేతులు

అన్నా బాగుంది, నిజంగా. కానీ బిల్లు ఎన్ని రోజులకి ఇస్తారో ఎక్కడా రాయలేదు.

గట్టుమీదకాకి

ముప్ఫై రోజులని రాశాం తమ్ముడూ.

మట్టిచేతులు

పదిహేను చెయ్యండి. వచ్చే మీటింగు ఎప్పుడో చెప్పండి, నేనూ వస్తా.